మొల కొట్టే స్వాతంత్ర్యం

దేశానికి 1947లోనే స్వాతంత్ర్యం వచ్చిందని బడి పుస్తకాల్లో ఉంది. బాడుగిళ్ళలో కాపురాలు చేసేవాళ్ళకు ఆ కబురు ఇంకా అందలేదు. ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగంలో ఇరవై ఏళ్ళపాటు కర్నూలు, ఏలూరు, నల్గొండ అని తిరిగి తిరిగి, చివరికి తిరుపతిలో ఏ కొర్లగుంటలోనో, కరకంబాడి రోడ్డు పక్కనో రెండు పడగ్గదుల ఇల్లు కట్టుకున్న గృహస్తుడికి స్వాతంత్ర్య దినోత్సవం గృహప్రవేశం మర్నాడు వస్తుంది. పాలు పొంగించిన రోజు కాదు. ఆ రోజు పురోహితుడిది, వంటవాళ్ళది, చుట్టాలది. మర్నాడు పొద్దున అందరూ పోయాక, చేతిలో సుత్తి, పళ్ళ మధ్య మొల, ఎదురుగా తెల్లగోడ. అడగాల్సిన మనిషి ఎవరూ లేరు.

సొంతింటి సుఖాల్లో మొదటిది ఇదే, చిన్న విషయం కాదని మనవి. బాడుగ ఒప్పందాల్లో అడ్వాన్సు ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు సున్నం ఖర్చు ఎవరిది అని రాసుకుంటారు గాని, అసలు రాజ్యాంగం ఎప్పుడూ నోటిమాటే. "గోడలకు మొలలు మాత్రం కొట్టొద్దు నాయనా" అని ఇంటి ఓనరు ఎంతో ప్రేమగా చెప్పే ఆ ఒక్క ముక్క వల్ల ఎన్నో కుటుంబాల్లో దేవుళ్ళు ఫ్రిజ్జు మీద కాపురముంటున్నారు. గోడ గడియారం గోడనెరగదు. టీటీడీ పన్నెండు పేజీల క్యాలెండరు తలుపు గడియకు వేలాడుతుంటుంది; తలుపు విసురుగా వేస్తే ఏకాదశి కిందపడుతుంది.

అయితే కొత్తగా స్వాతంత్ర్యం వచ్చినవాళ్ళు దాన్ని సుత్తితో అనుభవించబోతారు. అక్కడే దెబ్బతింటారు. సిమెంటు గోడకు వట్టి మొల దిగదు. వంగుతుంది, లేదా అరచేయంత పెళ్ళ ఊడదీసుకొని తానూ కిందపడుతుంది. పైన కనిపించే పూత అరంగుళమే. అది రంగు మొయ్యడానికి తప్ప బరువు మొయ్యడానికి కాదు. మొయ్యాల్సింది వెనకున్న ఇటుక. కాబట్టి డ్రిల్లు మిషనుకు 6 ఎంఎం బిట్టు బిగించి, కొస నుంచి 40 ఎంఎం దగ్గర ఇన్సులేషను టేపు ఒక చుట్టు చుట్టాలి, లోతు కొలతకు. పూత దాటేదాకా హ్యామర్ మోడు వెయ్యకూడదు, వేస్తే చిన్న చిల్లు బదులు గుంట పడుతుంది. ఇటుక తగిలి ఎర్రటి పొడి రాలడం మొదలయ్యాక హ్యామర్ వేసి టేపు దాకా దించాలి. చిల్లులో పొడి ఊదెయ్యాలి, కళ్ళు మూసుకొని. (ఈ చివరి మాట అందరూ ఒకసారి ఊదాకే నమ్ముతారు.) తరువాత 6 ఎంఎం గట్టా, అంటే స్క్రూను పట్టి ఉంచడానికి చిల్లులో దోపే ప్లాస్టిక్ గొట్టం, గట్టాలో స్క్రూ.

చిల్లు వదులైతే గట్టా పక్కన అగ్గిపుల్ల విరిచి దోపడం మన సంప్రదాయ ఇంజనీరింగు; క్యాలెండరుకైతే చాలు, అత్తగారి నిలువెత్తు ఫొటోకు చాలదు. దానికి తెల్ల సిమెంటు కూరి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్ళీ తొలవాలి. స్విచ్చుబోర్డుకు సరిగ్గా పైన, కొళాయికి సరిగ్గా పైనా కిందా ఎప్పుడూ తొలవొద్దు. గోడలో వైర్లూ పైపులూ ఎక్కువగా నిలువునే పోతాయి. ఈ సూత్రం మరిచిన స్వతంత్రుడు గృహప్రవేశంలో మిగిలిన లడ్డూలు ప్లంబరుకు పెట్టాల్సి వస్తుంది.

ఇంత పద్ధతిగా క్యాలెండరు తగిలించాక, వంటింటి గుమ్మంలోంచి ఒక గొంతు వినిపిస్తుంది: "ఇంకో జానెడు ఎడమకుంటే బాగుండు." దీనికి ఏ సైజు గట్టా లేదు.

మొల సంగతి ఒక పూటలో తేలుతుంది. పెరుగు సంగతి అలా కాదు, అది తరాల వ్యవహారం.

ట్రాన్స్‌ఫరు ఉత్తర్వులో చేరాల్సిన తేదీ ఉంటుంది, లారీ ఖర్చులకు రూలు ఉంటుంది, తోడు గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. నిన్నటి పెరుగులోంచి చెంచాడు నేటి పాలలోకి, నేటిది రేపటి పాలలోకి నడిచే వంశం అది. లారీ ఎక్కిన ప్రతిసారీ ఆ వంశం అంతరించిపోతుంది. కొత్త ఊళ్ళో మొదటి సాయంత్రం ఇల్లాలు చిన్న గిన్నె చేత్తో పట్టుకొని పక్కింటి గుమ్మం ముందు నిలబడి, "అక్కా, రవ్వంత తోడుంటే ఇస్తారా?" అని అడగాలి. ఇరవై ఏళ్ళలో ఏడు ట్రాన్స్‌ఫర్లయితే ఏడుగురు అక్కలు, ఏడు పెరుగులు. ఒకటి తీపి, ఒకటి పులుపు, ఒకటి తీగలు సాగేది. ప్యాకెట్ పెరుగుతో తోడేసుకోవచ్చు కదా అనే ఆధునికులున్నారు. తోడుకుంటుంది. అక్క మాత్రం దొరకదు.

సొంతింట్లో పెరుగు వంశం మళ్ళీ నిలబడాలంటే కొంత శాస్త్రం పాటించాలి. అర లీటరు పాలు బాగా కాచి, చిటికెన వేలు ముంచితే పది అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగే వేడికి దించాలి. అంతకన్నా వేడిగా ఉన్నప్పుడు తోడేస్తే అందులోని సూక్ష్మజీవులు చచ్చి, తెల్లారికి పాలు పాలుగానే ఉంటాయి, లేదా విరిగి నీళ్ళు తేలతాయి. బాగా చల్లారాక వేస్తే అవి నిద్రపోతాయి. చలికాలంలో నిండు చెంచా తోడు, గిన్నెకు తువాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టడం. మే నెల తిరుపతిలో అర చెంచా కూడా ఎక్కువే. నాలుగైదు గంటల్లో గడ్డకట్టిన పెరుగును వెంటనే ఫ్రిజ్జులోకి తోయకపోతే, భోజనాల వేళకు పచ్చిపులుసుతో పోటీకి దిగుతుంది. తోడు ఎక్కువేస్తే గట్టిగా వస్తుందనుకోవడం మగవాళ్ళు పెరుగు తోడేసే ఇళ్ళలో వ్యాపించిన మూఢనమ్మకం. ఎక్కువేస్తే త్వరగా పులుస్తుంది, నీళ్ళొదులుతుంది, అంతే.

అన్నిటికన్నా ముఖ్యం, తోడేశాక గిన్నెను కదిలించకూడదు. మూత తీసి తొంగిచూడటం, ఈ అరలోంచి ఆ అరలోకి మార్చడం పనికిరాదు. కుదురుకుంటున్న దాన్ని మధ్యలో కుదిపితే గడ్డ విరుగుతుంది. పెరుగు గిన్నె విషయంలో ప్రతి ఇల్లాలికీ తెలిసిన ఈ సంగతిని, ఉద్యోగుల విషయంలో మూడేళ్ళకొకసారి మరిచిపోయే పై అధికారుల శిక్షణలో ఒక పాఠంగా చేర్చాలని ఈ వ్యాసం ద్వారా విజ్ఞప్తి.

చీకట్లో స్విచ్చు దొరకడం కూడా ఒక సుఖమేనని కొందరంటారు. నిజమే. బాడుగింట్లో లైటు కోసం నొక్కితే ఫ్యాను, ఫ్యాను కోసం నొక్కితే ఏదీ కాదు. చేయి అలవాటు పడేసరికి ఇల్లు ఖాళీ చెయ్యాలి. దీని మీద ఇంతకన్నా రాయనక్కర్లేదు.

ఇక తిరుపతిలో సొంతిల్లు అనే దానికి మరెక్కడా లేని ఒక విశేషం ఉంది. ఏలూరులో ఉన్నప్పుడు బతికున్నామో లేదో కనుక్కోని చుట్టాలు, ఇక్కడ గోడలకు తడి ఆరకముందే ఫోను చేస్తారు. "అన్నా, శనివారం వస్తా ఉండాం. కొండకు పోయి వచ్చేస్తాం, మీకేం ఇబ్బంది ల్యా. ఎనిమిది మందిమే." మూడొందల రూపాయల దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్లో అయిపోతాయని, ఫోను చేసింది గురువారమని, ఆ అన్నకు తెలుసు, ఆ తమ్ముడికి తెలియదు. ఊళ్ళో ఇల్లున్నవాడికి కొండ మీద కూడా ఏదో పలుకుబడి ఉంటుందని బంధువర్గంలో గట్టి నమ్మకం. అలిపిరి నుంచి 3550 మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు నుంచైతే 2388. ఇంటి యజమాని పలుకుబడి ఆ రెంటిలో ఏది దగ్గరో చెప్పడం వరకే.

అసలు పరీక్ష తెల్లవారుజాము మూడింటికి, స్నానాల గది ముందు. గీజరు 15 లీటర్లది. నీళ్ళు 60 డిగ్రీలకు కాగితే, మనిషికి బకెట్టు నిండా, అంటే 20 లీటర్లు, గోరువెచ్చగా కలుపుకోవడానికి ఏడెనిమిది లీటర్ల వేడినీళ్ళు చాలు. అంటే ఒక కాగుకు ఇద్దరు. మళ్ళీ కాగడానికి రెండు కిలోవాట్ల గీజరుకు పదిహేను ఇరవై నిమిషాలు. ఎనిమిది మందికి మూడు విరామాలన్న మాట. ఈ లెక్క కాగితం మీద రాసి తలుపుకు అంటించినా ఫలితం ఉండదు. మొదట దూరిన బావగారు రెండు బకెట్లు వాడి, మూడో బకెట్టు పెట్టుకొని స్తోత్రం మొదలుపెడతారు.

అప్పుడు ఎవరో ఒక తెలివైనవారు గీజరు వేడికి హద్దు పెట్టే థర్మోస్టాటును చివరిదాకా తిప్పుతారు. ఈ నేరానికి శిక్ష వెంటనే పడదు. కల్యాణి డ్యాము నీళ్ళు, తెలుగుగంగ నీళ్ళు వచ్చే ఊరే అయినా మిద్దె మీది ట్యాంకులో చాలాచోట్ల బోరు నీళ్ళే. ఆ నీళ్ళలోని సున్నం, వేడి పెరిగేకొద్దీ కాయిలు మీద తెల్లటి పెంకులా పేరుకుంటుంది. పెంకు మందమయ్యేకొద్దీ నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, లోపల చెనిక్కాయలు వేయించినట్టు చిటపటలు వినిపిస్తాయి, ఒక రోజు కాయిలు కాలిపోతుంది. ముందే జాగ్రత్తపడాలంటే 60 దాటనివ్వకుండా, ఏడాదికొకసారి మెకానిక్కును పిలిచి, మెయిను ఆపించి, కాయిలు ఊడదీయించి, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన వేడినీళ్ళలో నానబెట్టించాలి. పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనాలి. తొట్టి తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే త్యాగమూర్తి అది. పుల్లలా సన్నబడితే కొత్తది వేయించాలి. బాడుగింట్లో గీజరు పాడైతే ఓనరుకు ఫోను చేసి, ఓనరు ఎత్తకపోతే తిట్టుకొని, చన్నీళ్ళు పోసుకుంటే సరిపోయేది. ఇక్కడ ఓనరు ఎప్పుడూ ఎత్తుతాడు, ఎందుకంటే అద్దంలో ఎదురుగానే ఉంటాడు.

చుట్టాలు గుండ్లతో, లడ్డూలతో, పట్టేసిన పిక్కలతో దిగివస్తారు. పిక్కలకు ఉప్పు వేసిన వేడినీళ్ళు. మళ్ళీ గీజరు.

ఇంత చదివాక, సుఖాలని చెప్పి కష్టాల జాబితా ఇచ్చారేమిటని ఎవరైనా అడగొచ్చు. వాళ్ళను మార్గశిర, పుష్య మాసాల్లో ఒక ఆదివారం చిత్తూరు వైపు ఏ ఇంటి వరండాలోకైనా పంపాలి. అనపకాయల కాలమది. (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయ.) ఇతర ఊళ్ళకు ట్రాన్స్‌ఫరైన చిత్తూరోళ్ళను గుర్తుపట్టడం తేలిక: డిసెంబరు రాగానే కూరగాయల అంగట్లో చిక్కుడుకాయల్ని చూసి నిట్టూరుస్తారు.

ఆ అనపగింజల పొట్టు పితికి చేసే పితికిపప్పు అనేది వంట పేరు కాదు, సమష్టి శ్రమ పేరు. శనివారం సాయంత్రం కాయలు వలిచి గింజలు తీయాలి. రెండు కిలోల కాయలు కొంటే చాలనుకునేవాడికి పెళ్ళి కాలేదని అర్థం; వలిచేసరికి సంచెడు తొక్కలు, గిన్నెడు గింజలు. వాటిని రాత్రంతా నీళ్ళలో నానెయ్యాలి. రెండు గంటలు నానితే పొట్టు ఊడదు, గోళ్ళు ఊడతాయి. తెల్లారి లేచాక బొటనవేలు, చూపుడువేలు మధ్య గింజ పెట్టి ఒక్క నొక్కు నొక్కితే పప్పు జారి గిన్నెలో పడాలి. కొత్తవాళ్ళు నొక్కితే గిన్నెలో పడదు, ఎదుటి మనిషి కంటికి తగులుతుంది. నిపుణులు ఈ పని చేస్తూనే పక్కింటి సంబంధాల మీద తీర్పులు చెప్పగలరు, గింజ తప్పదు. మగపిల్లలు పదకొండో గింజకు ఫోను వచ్చిందంటారు. రాలేదు.

పప్పు చేతికొచ్చాక కుక్కర్లో విజిళ్ళు పెట్టి ముద్ద చెయ్యడం పాపం. ఉల్లిపాయ, టమాటా మగ్గాక పప్పు వేసి, ధనియాలు, కొబ్బరి, కొంచెం గసగసాలు, చిన్న చెక్క, రెండు లవంగాలు నూరి పోసి, మూతపెట్టి, గింజ గింజగానే ఉండి వేలితో అదిమితే అణిగేదాకా ఉడికించాలి. పక్క పొయ్యి మీద సంగటి: గ్లాసు నూకలు నానబెట్టి, ఐదు గ్లాసుల నీళ్ళలో మెత్తగా ఉడికాక, గ్లాసున్నర రాగిపిండి పైన గుట్టగా పోసి, కలపకుండా, మూతపెట్టి, సన్న మంట మీద ఐదు నిమిషాలు ఆగాలి. ఆగలేక అప్పుడే కలిపితే ఉండలు కడుతుంది. ఆగాక తెడ్డుతో ఒక్క ఊపున గెలకాలి, గెలికేవాళ్ళ భుజం తప్ప మరేదీ వదులుగా ఉండకూడదు. చేయి తడిచేసుకొని ముద్దలు.

ఇవన్నీ బాడుగింట్లో చేసుకోకూడదని చట్టమేమీ లేదు. కాకపోతే శనివారం నానేస్తే ఆదివారం ఇంకా ఆ ఊళ్ళోనే ఉంటామన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం ఇరవై ఏళ్ళపాటు లేనివాళ్ళకు ఒక గుణం మిగిలిపోతుంది: అట్టపెట్టెలు పారెయ్యరు. టీవీ పెట్టె, మిక్సీ పెట్టె, థర్మోకోలు ముక్కలతో సహా అటక మీద ఉంటాయి. పక్కనే గ్యాసు కనెక్షను వదిలేసిన ప్రతి ఊరి టెర్మినేషన్ వోచరు జిరాక్సులు, నైలాను తాడు చుట్టలు రెండు. ఇల్లు మనదే కదా, ఇంకెందుకవి అని అడిగితే, "ఉండనీలే, ఎప్పుడన్నా పనికొస్తాయి" అంటాడు గృహస్తుడు. సొంత గోడకు పదకొండు చిల్లులు పొడిచినవాడే ఈ మాట అంటాడు.

పనికొచ్చేది అనపకాయల రోజునే. వరండా నిండా తొక్కలు పేరుకున్నాక, పోయడానికి ఏదైనా తెమ్మని కేక వేస్తే, మరేదీ చేతికి దొరక్క, కుర్చీ వేసుకొని టీవీ పెట్టెను దించుతారు. దాని మీద స్కెచ్‌పెన్నుతో కర్నూలు అని రాసి కొట్టేసి ఏలూరు, ఏలూరు కొట్టేసి నల్గొండ, నల్గొండ కొట్టేసి తిరుపతి అని ఉంటుంది. పక్కన బాణం గుర్తు, ఈ వైపు పైకి అని. తొక్కలు ఆ బాణం దాకా వస్తాయి.