బిళ్ల పెరగొచ్చని మొదటి రోజే చెప్పాలి

మెడలో బిళ్లలు కట్టాయి, సూది పరీక్షలో టీబీ అని తేలింది, మందులు మొదలెట్టారు. నెలా రెండు నెలలకు బిళ్ల తగ్గకపోగా ఇంకా ఉబ్బింది, పక్కన మరొకటి లేచింది, సాయంత్రమైతే జ్వరం. హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి సెంట్రింగ్ పని చేసుకునే మనిషి ఏమనుకోవాలి? ‘మందులు పడలేదు, వేడి చేశాయి’ అనుకుంటాడు. మానేస్తాడు. అతన్ని ‘మధ్యలో మానేసినవాడు’గా రాసుకుంటాం. పొట్లం చేతికిచ్చి, ఈ ముక్క చెప్పకుండా పంపినవాళ్ల గురించి ఎక్కడా రాయం.

వైద్యులకిది పాత సంగతే. పారడాక్సికల్ రియాక్షన్ అంటారు. మందుకు చచ్చిన క్రిముల శకలాలు బయటపడతాయి. అప్పటిదాకా నీరసించిన రోగనిరోధక శక్తి కోలుకుని వాటి మీద విరుచుకుపడుతుంది. వాపు అందుకే. హెచ్ఐవీ లేనివాళ్లలోనూ, లింఫ్ గ్రంథుల టీబీ (ఈ మెడ బిళ్లల్లాంటిది) అయితే దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇలా అవుతుందని అధ్యయనాలున్నాయి. హెచ్ఐవీ మందులు కొత్తగా మొదలెట్టిన వారికి ముప్పు ఇంకా ఎక్కువ. మెదడులో గడ్డ పెరిగితే ప్రాణం మీదికి వస్తుంది, స్టెరాయిడ్లు కావాలి. మెడ బిళ్లల విషయంలో మాత్రం చాలావరకు అవే మందులు కొనసాగిస్తే చాలు.

ముందే చెబితే, మందులకు లొంగని మొండి టీబీని కూడా ‘ఇది మామూలే’ అనుకుని ఇంట్లో కూర్చుంటారని కొందరు డాక్టర్ల భయం. భయం అర్థవంతమైనదే. కానీ చెప్పాల్సింది ‘పట్టించుకోకు’ అని కాదు, ‘మానకు, వెంటనే రా’ అని. వచ్చాకైనా ఇది ఉత్త వాపా, మొండి టీబీయా తేల్చడం అంత సులువా? జన్యు పరీక్ష చచ్చిన క్రిమి డీఎన్ఏను కూడా పట్టేస్తుంది. క్రిమి బతికుందో లేదో ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్‌కు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ రోగిని మందుల మీద నిలబెట్టేది మొదటి రోజు విన్న మాటే. అది లేకపోతే ఇంకో క్లినిక్‌కు వెళతాడు. అక్కడ ఉన్న మందులకు తోడు కొత్తది ఒకటి తగిలిస్తారు. పనిచేయని మందుల వరసకు ఒంటరిగా ఒక్క మందు కలపకూడదన్నది టీబీ వైద్యంలో తొలి పాఠం. ఆ ఒక్కదానికీ క్రిమి మొండికేస్తుంది.

అసలు ఈ జబ్బుకు ఇంట్లో ఉండి మందులు వాడొచ్చని ప్రపంచానికి నేర్పింది మన పక్క ఊరే. 1956లో మద్రాసులో పెట్టిన టీబీ కీమోథెరపీ (మందుల చికిత్స) కేంద్రం, శానటోరియంలో (టీబీ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో) ఉన్నా ఇంట్లో ఉన్నా ఫలితం దాదాపు ఒకటేనని 1959లో చూపించింది. శానటోరియాల కాలం చెల్లింది. అయితే ఆ కేంద్రం సిబ్బంది రోగుల ఇళ్లకు వెళ్లేవారు, చెప్పాపెట్టకుండా వెళ్లి మాత్రలు కూడా లెక్కపెట్టేవారు. మనం మాత్రలు తీసుకున్నాం, మనిషిని వదిలేశాం.

నా కోపం ఒక్క టీబీ గురించే కాదు. మన ఆరోగ్య పథకాలన్నింటిలో మాటకు విలువ సున్నా. టీబీ రోగికిచ్చే పోషణ సాయం నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచారు, మంచిదే. రోగితో పది నిమిషాలు మాట్లాడినందుకు ఏ రిజిస్టర్‌లో గడి ఉంది? జాతీయ టీబీ సంస్థ ఉన్న బెంగళూరులోనే, వైట్‌ఫీల్డ్ సైట్లలో పనిచేసే అనంతపురం, పాలమూరు కూలీలకు ఈ జబ్బు సంగతి ఏ భాషలో చెబుతున్నారు? కర్ణాటక ప్రభుత్వాన్ని అడిగేముందు మన రెండు ప్రభుత్వాలనూ అడగాలి. బొమ్మతో ఒక్క తెలుగు కాగితం, దాని కింద తెలుగులో పలికే ఫోన్ నంబరు. హిందూపురం, గద్వాల బస్టాండ్లలో పంచడానికి ఎంత ఖర్చవుతుంది?