రోడ్డు దాటించని దుబాయికి

మహారాజశ్రీ దుబాయి మహానగరం వారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. నా చెప్పుల అడుగులు మాత్రం క్షేమంగా లేవు.

నిన్న మధ్యాహ్నం షేక్ జాయెద్ రోడ్డుకు ఇవతల నేను, అవతల నా భోజనం. హోటలు బోర్డు మీది అక్షరాలు కళ్లజోడు లేకుండానే చదివాను. నడుమ పన్నెండో పద్నాలుగో వరసల కార్లు. లెక్క కుదరలేదు, ఒక్కటీ ఆగదు కదా. అడ్డంగా దాటితే జరిమానా అట. వంతెన కావాలంటే మెట్రో స్టేషను దాకా నడవమన్నాడు కాపలాదారు. నడిచాను. జూలై ఎండలో నాతో కొంత దూరం వచ్చిన కాలిబాట, చెప్పాపెట్టకుండా ఇసుకలో కలిసిపోయింది. చివరికి టాక్సీ ఎక్కితే, ఏడు కిలోమీటర్లు తిప్పి, ఎక్కిన చోటికి సరిగ్గా ఎదురుగా దింపి 31 దిర్హాములు పుచ్చుకున్నాడు.

828 మీటర్ల బుర్జ్ ఖలీఫా కట్టారు. 124వ అంతస్తుకు నిమిషంలో చేర్చారు, చెవులు దిబ్బడ వేసినా సంతోషించాను. నిలువునా అంత ఎత్తుకు మోసుకెళ్లిన తమరికి, అడ్డంగా వంద మీటర్లు దాటించడం చేతకాలేదా? మాల్‌లో మంచు కురిపిస్తారు. సముద్రంలో ఖర్జూరపు చెట్టు ఆకారంలో దీవి పోస్తారు. నాకు నిలబడడానికి ఒక్క చెట్టు నీడ దొరకలేదు.

నడిచేవాడంటే నీకు ఎందుకింత చిన్నచూపు? అవును, ఇక ‘తమరు’ అనను. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని చట్టం పెట్టుకున్నావు. అంటే ఆ ఎండ మనిషిని ఏం చేస్తుందో నీకు తెలుసు. తెలిసే ఆ బాట అక్కడ ఆపేశావు!

సాయంత్రం డేరా అనే పాత పేటలో అబ్రా అనే చెక్క పడవ ఎక్కాను. చెక్కబల్ల మీద పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్నాం. ఒక్క దిర్హాముకే క్రీక్ అనే ఉప్పునీటి పాయ అవతలి ఒడ్డు. నీటిగాలికి కోపం సగం దిగిందని ఒప్పుకోక తప్పదు. ఈ పడవలాంటి బుద్ధి నీకు పాతకాలంలో ఉండేదన్నమాట.

పక్కనున్నాయన జగిత్యాల వైపు మనిషి, పదకొండేళ్లుగా ఇక్కడే పని. నా రోడ్డు కష్టం ఏకరువు పెట్టాను. ఓపిగ్గా విన్నాడు.

“మమ్మల్ని కంపెనీ బస్సే తీసుకెళ్లి తీసుకొస్తుంది సార్. ఆ రోడ్డు దాటే పని నాకెప్పుడూ పడలేదు” అన్నాడు.

ఇట్లు,
చల్లారిన బిర్యానీ తిన్న నీ అతిథి