కొత్త రంగు పుట్టదు, ఉన్నదే కదులుతుంది

చేపల రంగు మార్పు గురించి ఒక పోస్టు తెగ తిరుగుతోంది. "చేప కింది నేలను చూస్తుంది. నల్లబడమని మెదడు నరాల ద్వారా ఆజ్ఞ పంపుతుంది. చర్మకణాలు క్షణాల్లో కొత్త రంగు తయారుచేస్తాయి. కళ్ళు పోతే రంగు మారడం ఆగిపోతుంది. చేపలన్నిటికీ ఇంతే." చదవడానికి బాగానే ఉంది, నిజం మాత్రం తక్కువ.

కొత్త రంగు తయారవుతుందా? లేదు. చర్మానికి నలుపునిచ్చే నల్లకణంలో మెలనిన్ అనే నల్లరంగు రేణువులు ముందే ఉంటాయి. అవి కణమంతా పరుచుకుంటే చర్మం నల్లగా, మధ్యలో గుమిగూడితే పాలిపోయి కనిపిస్తుంది. కణం ముడుచుకోదు, లోపలి రేణువులే కదులుతాయి. కండరాలతో రంగు సంచిని సాగదీసేది ఆక్టోపస్. నల్లటి నేల మీద వారాల తరబడి ఉంటే నల్లకణాల సంఖ్య పెరిగే మాట నిజమే కానీ, అది క్షణాల్లో జరిగేది కాదు.

ఇక నల్లబడమని ఆజ్ఞ. అసలు తిరకాసంతా ఇక్కడే. ఎముకల అస్థిపంజరం ఉన్న మామూలు చేపల్లో నల్లకణాల మీద సింపథెటిక్ నరం (ఇష్టంతో నిమిత్తం లేకుండా పనిచేసే నరాల్లో ఒకటి) చేసే ముఖ్యమైన పని నల్లబరచడం కాదు, తెల్లబరచడం. 1911లో జంతుశాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ మిన్నో అనే చిన్న మంచినీటి చేపలో ఈ నరాన్ని కోస్తే, కోత వెనక భాగం నల్లబడింది. ఆజ్ఞ వల్లే నలుపు వస్తుందనుకుంటే, ఆజ్ఞ తెగిన చోట నల్లబడటం ఏమిటి?

నరం కొస నుంచి నార్‌అడ్రినలిన్ అనే రసాయనం వెలువడి, కణం మీద దాన్ని అందుకునే ఆల్ఫా గ్రాహకాలకు తగులుతుంది. కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం పడిపోతుంది. అప్పుడు డైనీన్ అనే మోటారు ప్రోటీన్ (సరుకు మోసే ప్రోటీన్) రేణువులను మైక్రోట్యూబ్యూళ్ళనే సన్నని గొట్టాల వెంట మధ్యకు లాగుతుంది. నరం ఊరుకుంటే సైక్లిక్ ఏఎంపీ పెరిగి, కైనెసిన్ అనే మరో మోటారు ప్రోటీన్ వాటిని అంచుల వైపు మోస్తుంది. పొలుసు ఒక్కటి పీకి ఉప్పు ద్రావణంలో ఉంచి నార్‌అడ్రినలిన్ చుక్క వేసినా రేణువులు మధ్యకు చేరతాయి. మెదడు ఊసే లేదక్కడ!

కళ్ళ సంగతికొస్తే, నేలకు తగ్గట్టు మారాలంటే చూపు కావాలి. కానీ ఫ్రిష్ చూసిన గుడ్డి మిన్నోలు కూడా వెలుగుచీకట్లకు రంగు మార్చాయి. మెదడు పైభాగానికే వెలుతురు తెలుస్తుంది.

చేపలన్నిటికీ ఇంతేనా? సొరచేపల నల్లకణాలను నడిపేది ప్రధానంగా హార్మోన్లే, అందుకే వాటి మార్పు నిదానం. నియాన్ టెట్రా అనే చిన్న అక్వేరియం చేప నీలం చారకైతే రంగు రేణువులతో పనే లేదు. అక్కడ వెలుతురును తిప్పికొట్టే గ్వానిన్ అనే పదార్థపు పలకల దొంతరలుంటాయి. నార్‌అడ్రినలిన్ తగిలితే పలకల మధ్య ఎడం పెరిగి, నీలం కాస్తా పసుపు వైపు జరుగుతుంది.