కెమిస్ట్రీ డిగ్రీకి కావాల్సిన లెక్కలు ఎవరు నేర్పాలి?

డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకోవాలంటే ఏం అర్హత ఉండాలని శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏ కాలేజీలో అడిగినా ఒకటే మాట చెప్తారు, ఇంటర్ ఎంపీసీ గానీ బైపీసీ గానీ పాసై ఉంటే చాలని. రూల్ ప్రకారం అది నిజమే. కానీ క్లాసులో కూర్చున్నాక పాఠం అర్థం కావాలంటే ఇంకొన్ని వచ్చి ఉండాలి. అవేమిటో అడ్మిషన్ రోజు చెప్పేవాళ్ళు లేరు, చేరాక నేర్పించే బాధ్యత ఎవరిదో కూడా తేలదు.

ఫస్ట్ ఆర్డర్ చర్యల పాఠమే తీసుకోండి, అంటే పదార్థం గాఢత ఎంత ఉంటే వేగం దానికి తగ్గట్టే ఉండే రసాయన చర్యలు. రేటు సమీకరణాన్ని ఇంటిగ్రేట్ చేస్తే సహజ లాగరిథమ్ వస్తుంది, దాన్ని పది ఆధారంగా ఉన్న లాగ్‌లోకి మార్చేటప్పుడు 2.303 వచ్చి చేరుతుంది. ఎంపీసీ చదివి వచ్చిన అబ్బాయికి బోర్డు మీద రెండు లైన్లు చూస్తే సరిపోతుంది. పక్క బెంచీలో బైపీసీ నుంచి వచ్చిన అమ్మాయి ఉంటుంది, పదో తరగతి తర్వాత లెక్కల సబ్జెక్టే లేదు ఆమెకి. "సర్, మాది బైపీసీ" అంటుంది. అంటే ఫార్ములా ఎలా వచ్చిందో వదిలేసి ఫార్ములా మాత్రం ఇవ్వండి అని. సిలబస్ అయిపోవాలన్న టెన్షన్‌లో సార్ కూడా ఫార్ములా ఇచ్చేస్తారు. ఆమె 2.303 బట్టీ పడుతుంది, పదార్థం సగమయ్యే సమయం, అంటే అర్ధాయువు దగ్గర 0.693 బట్టీ పడుతుంది, ఎలక్ట్రోకెమిస్ట్రీకి వచ్చేసరికి బ్యాటరీ లాంటి ఘటం వోల్టేజీ లెక్కగట్టే నెర్న్‌స్ట్ సమీకరణంలో 0.0591 కూడా బట్టీయే.

ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని సంఖ్యలు కావు. పదికి సహజ లాగరిథమ్ తీస్తే 2.303, రెండుకి తీస్తే 0.693. వాయు స్థిరాంకం 8.314ని 298 కెల్విన్లతో గుణించి, ఫారడే విలువ 96,500తో భాగించి, మళ్ళీ ఆ 2.303తోనే గుణిస్తే 0.0591 వస్తుంది. ఆమ్లత కొలిచే పీహెచ్ లాగరిథమే, ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే బీర్-లాంబర్ట్ నియమంలో అబ్జార్బెన్స్ లాగరిథమే, ఉష్ణోగ్రతతో చర్య వేగం ఎలా మారుతుందో చూపే అర్హీనియస్ గ్రాఫ్ గీసేదీ లాగరిథమ్‌తోనే. అంటే ఘాతాంకాలు, లాగరిథమ్, సరళరేఖ వాలు, కాస్త అవకలనం (డిఫరెన్షియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్) సరిగ్గా నేర్పితే ఫిజికల్ కెమిస్ట్రీలో పెద్ద భాగం ఆ అమ్మాయికి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అవి నేర్పకుండా ఆరు సెమిస్టర్లు నడిపిస్తే ప్రతి యూనిట్‌లోనూ కొత్తగా బట్టీ పట్టాల్సిందే.

గతంలో మూడు సబ్జెక్టుల బీఎస్సీ ఉన్నప్పుడు కూడా ఎంపీసీ వాళ్ళకీ బైపీసీ వాళ్ళకీ కెమిస్ట్రీ పేపర్లు ఒకటే. కాకపోతే అప్పుడు అది మూడింట్లో ఒకటి, ఎలాగోలా పాసైపోయేవాళ్ళు. 2023-24లో ఒకే సబ్జెక్టు ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ వచ్చాక కెమిస్ట్రీయే ప్రధానమైంది, తప్పించుకునే దారి లేదు. ఆ మార్పు తెచ్చినప్పుడు మొదటి సెమిస్టర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాల మౌలికాంశాలంటూ ఉమ్మడి కోర్సు పెట్టారు. ఆలోచన మంచిదే. కానీ అప్పుడు పెట్టిన గణితం యూనిట్ చూడండి, సంకీర్ణ సంఖ్యలు, త్రికోణమితి, సదిశలు, సగటు, మధ్యగతం. కెమిస్ట్రీ విద్యార్థికి మొదటి ఏడాదిలో రోజూ అవసరమయ్యే లాగరిథమ్‌ని పక్కనబెట్టి సంకీర్ణ సంఖ్యలతో మొదలుపెట్టడం ఏమిటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అలాగైతే ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్ళకే కెమిస్ట్రీ సీటు ఇవ్వండి అనేవాళ్ళున్నారు. అమెరికా కాలేజీల్లో ఫిజికల్ కెమిస్ట్రీకి ముందు కాల్క్యులస్ పాసవ్వాలి కదా అంటారు. నిజమే, కానీ అక్కడ ఆ కాల్క్యులస్‌ని అదే కాలేజీ నేర్పుతుంది, తర్వాతే అడుగుతుంది. మనం నేర్పడం మానేసి అడగడం మాత్రం తెచ్చుకుంటే సీతంపేట, కొత్తూరు, సాలూరు ఏజెన్సీ వైపు నుంచి వచ్చే పిల్లలే ముందు బయటికి పోతారు. పదహారేళ్ళకి బైపీసీలో చేరినందుకు ఆ పిల్లలకి కెమిస్ట్రీ తలుపు మూసేయడం అన్యాయం. గ్రూప్ కూడా చాలామంది ఎంచుకున్నది కాదు, ఊరికి దగ్గరున్న జూనియర్ కాలేజీలో ఏది ఉంటే అది.

ల్యాబ్ సంగతీ ఇంతే. ఇంటర్ రెండో ఏడాదిలో ప్రాక్టికల్స్‌కి 30 మార్కులున్నాయి గానీ చాలా జూనియర్ కాలేజీల్లో ల్యాబ్ తాళం తీసేది పరీక్షల ముందే. డిగ్రీలో చేరినవాడికి, ద్రావణాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉంటే రీడింగ్ తప్పొస్తుందని ఎవరూ చూపించి ఉండరు. సీసాలోని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు 12 నార్మల్ (నార్మల్ అంటే గాఢత కొలిచే ప్రమాణం), దాని నుంచి లీటరు 0.1 నార్మల్ ద్రావణం చేయాలంటే ఎంత తీసుకోవాలి? 8.3 మిల్లీలీటర్ల చుట్టుపక్కల. లెక్క చిన్నదే, మూడో సెమిస్టర్‌లో కూడా పెన్ను ఆగిపోయే పిల్లలున్నారు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి వెళ్ళేది ఈ పిల్లలే, అక్కడ పని మొదలయ్యేదే ద్రావణాలు తయారు చేయడంతో. మన జిల్లా పిల్లలకి ఇంటికి దగ్గర్లో దొరికే సైన్స్ ఉద్యోగం చేజారేది ఈ చిన్న లెక్క దగ్గరంటే బాధేస్తుంది.

ఇంటర్‌లో లెక్కలూ బయాలజీ కలిపి చదివే వీలు ఇప్పుడు వచ్చింది, మంచిదే. కానీ ఎంతమంది తీసుకుంటారో, ఊళ్ళలో ఎన్ని కాలేజీలు పెడతాయో చూడాలి. అప్పటిదాకా చేరే పిల్లలని అలా వదిలేయలేం.

కాలేజీలు చేయగలిగింది ఉంది. ప్రతి పేపర్ సిలబస్ పైన, దీనికి ముందు ఏవి వచ్చి ఉండాలో తెలుగులో రెండు లైన్లు రాసిపెట్టాలి. చేరిన వారంలో మార్కుల్లేని చిన్న పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రాదో చూసుకుని, మొదటి నెలన్నర కెమిస్ట్రీ పీరియడ్లలోనే ఆ లెక్కలు నేర్పాలి. నేర్పాల్సింది కూడా కెమిస్ట్రీ లెక్చరరే, ఎందుకంటే లాగరిథమ్‌ని పీహెచ్‌తో కలిపి చెప్తేనే బైపీసీ పిల్లలకి పట్టుబడుతుంది. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సాగి సాగి క్లాసులు ఆలస్యంగా మొదలవుతాయి, టైమ్ ఎక్కడిది అంటారు. ఆ నెలన్నర కోసం మొదటి సెమిస్టర్‌లో ఒక యూనిట్ తగ్గించినా నష్టం లేదు, ఇప్పుడా యూనిట్ చాలామంది తలకెక్కడం లేదు కాబట్టి. విజయనగరం ఎంఆర్ కాలేజీ లాంటి అటానమస్ కాలేజీలకైతే సిలబస్ నిర్ణయించుకునే సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుంది, ముందు అవే మొదలుపెట్టొచ్చు. మిగతా కాలేజీల కోసం వాటి యూనివర్సిటీ, శ్రీకాకుళం జిల్లాకైతే ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీ, ఒక సర్క్యులర్ ఇవ్వాలి, వచ్చే అడ్మిషన్ల లోపే.