అభిషిక్తుణ్ణి ముట్టకూడదు సరే, లెక్క అడగొచ్చా?

మా పెద్దమ్మ ఇరవై ఏళ్లుగా వెళ్తున్న సంఘంలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక లేచి నిలబడి అడిగింది: "అయ్యగారూ, స్లాబు కోసం మేమిచ్చిన డబ్బుల లెక్క ఒకసారి చదివి వినిపిస్తారా?" అంతే. గొంతు పెంచలేదు, ఎవర్నీ దొంగ అనలేదు. కుట్టుమిషను మీద వచ్చిన సంపాదనలో పదో వంతు నెలనెలా కవరులో పెట్టి ఇచ్చే మనిషి ఆమె. మళ్లీ ఆదివారం వాక్యం కోరహు మీద. మోషే మీద తిరగబడిన కోరహును భూమి నోరు తెరిచి మింగేసిన సంగతి గంటన్నర సేపు చెప్పారు. పాస్టరుగారు ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం కూడా లేదు. చాప మీద ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్లు కాస్త జరిగి కూర్చున్నారు. నెల తిరక్కముందే మా అన్నయ్య బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "చూశారా, దేవుని దాసుడి జోలికి పోతే ఏమవుతుందో!" అన్న మాట పేటంతా తిరిగింది.

ఊరి పేరు, సంఘం పేరు చెప్పను. చెప్పకపోయినా ఇది చదివే చాలామంది "ఇది మా సంఘం గురించే" అనుకుంటారని నాకు తెలుసు.

చర్చిలో అధికార దుర్వినియోగం అనగానే మనకు ఆడవాళ్ల మీద అఘాయిత్యమో, విదేశీ నిధుల గోల్‌మాలో గుర్తొస్తుంది. టీవీ చానళ్లకూ అవే కావాలి. కానీ అవి కథలో చివరి అంకాలు. అంతదాకా వెళ్లేలోపు ఆ సంఘంలో చాలా ఏళ్లపాటు ఒక విషయం కళ్లెదుటే జరుగుతూ ఉంటుంది: మొదట ప్రశ్న అడిగిన మనిషిని వెలి వేస్తారు. ఒక నాయకత్వం ఆరోగ్యంగా ఉందా లేదా తేల్చుకోవడానికి పాస్టరు ఎంత బాగా ప్రసంగిస్తాడు, ఎన్ని స్వస్థతలు జరిగాయి, కారు ఏ కంపెనీది అన్నవి చూడనక్కర్లేదు. ఆ సంఘంలో చివరిసారి ఎవరు ప్రశ్న అడిగారు, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు? ఈ రెండూ కనుక్కోండి.

అమెరికాలో సియాటిల్‌కి చెందిన మార్స్ హిల్ చర్చి సంగతి చూడండి. పది వేలకు పైగా హాజరు, అయిదు రాష్ట్రాల్లో శాఖలు. దాని పాస్టరు మార్క్ డ్రిస్కాల్ 2014 అక్టోబరులో రాజీనామా చేశాడు, 2015 జనవరి 1 నాటికి ఆ సంస్థే లేకుండా పోయింది. అందరూ 2014 గురించే మాట్లాడతారు. నన్నడిగితే అది 2007లోనే కూలింది. అధికారమంతా కొద్దిమంది చేతుల్లోకి వెళ్లేలా నిబంధనావళి మారుస్తుంటే ఇద్దరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఇద్దర్నీ తీసేశారు. వాళ్లలో ఒకరితో సభ్యులెవరూ కలవకూడదని సంఘానికే చెప్పారు. తన బస్సు వెనక శవాల గుట్ట ఉందని, అది ఇంకా పెరుగుతుందని, ఎక్కనివాళ్లు చక్రాల కింద పడతారని డ్రిస్కాల్ గొప్పగా చెప్పుకున్న మాటలు రికార్డయి ఉన్నాయి. ఆ మాటలు అన్నాక కూడా ఏడేళ్లు ఆ బస్సు నిండుగానే నడిచింది.

రవి జకరయాస్ మనకు ఇంకా దగ్గరి మనిషి. 1946లో మద్రాసులో పుట్టి, అమెరికాలో స్థిరపడి, ప్రపంచమంతా తిరిగి యూనివర్సిటీల్లో విశ్వాసం తరఫున వాదించిన పేరున్న వక్త. మన కుర్రాళ్లు ఎంతమంది ఆయన వీడియోలు చూసి ఇంగ్లీషూ తర్కమూ రెండూ నేర్చుకున్నారో! 2020 మేలో ఆయన చనిపోయాడు. 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థే నియమించిన న్యాయవాదుల నివేదిక బయటికొచ్చింది. మసాజ్ చేసే మహిళలతో ఏళ్ల తరబడి ఆయన ప్రవర్తన ఏమిటో అందులో ఉంది. చదివితే ఒళ్లు జలదరించే చోటు వేరే ఉంది. నువ్వు నోరు విప్పి నా పేరు చెడితే లక్షలాది ఆత్మలు రక్షణ కోల్పోతాయి, ఆ పాపం నీదే అని ఆయన బెదిరించినట్టు ఒక మహిళ వాళ్లకు చెప్పింది. కత్తి చూపించి బెదిరిస్తే పోలీసుల దగ్గరికి పోవచ్చు. లక్షల మంది నరకానికి పోతారని బెదిరిస్తే భక్తురాలు ఎవరి దగ్గరికి పోతుంది? అంతకుముందు 2017లో కెనడా మహిళ ఒకామె ఫిర్యాదు చేస్తే, జకరయాసే ఆ దంపతుల మీద కోర్టుకెళ్లాడు. చివరికి ఎవరూ ఏమీ మాట్లాడకూడదన్న ఒప్పందంతో అది ముగిసింది. సంస్థ బోర్డు అప్పుడు ఆయన్నే నమ్మింది, క్షమాపణ చెప్పడానికి మాత్రం ఆయన సమాధి అయ్యేదాకా ఆగింది.

షికాగో దగ్గరి విల్లో క్రీక్ చర్చి వ్యవస్థాపకుడు బిల్ హైబెల్స్ 2018 ఏప్రిల్‌లో ఆరోపణల మధ్య తప్పుకుంటున్నట్టు ప్రకటించినప్పుడు సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆరోపణలు చేసిన మహిళల్లో కొందరు అదే చర్చిలో ఏళ్ల పాటు పనిచేసినవాళ్లు. నాలుగు నెలలకు పెద్దల బోర్డు మొత్తం రాజీనామా చేయాల్సొచ్చింది.

డబ్బూ లేదు, శారీరక సంబంధమూ లేదు, అయినా వేధింపే అని తేల్చిన కేసు కూడా ఒకటుంది. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో ఒక ఆంగ్లికన్ పాస్టరు శిష్యరికం పేరుతో పదిహేను, పదహారేళ్ల కుర్రాడి ఇంట్లోనే మకాం పెట్టాడు. గంటల తరబడి ప్రార్థన, బైబిలు పాఠం. కుర్రాడి స్నేహాల్లో కూడా వేలు పెట్టాడు. 2018 జనవరిలో బయటికొచ్చిన తీర్పులో చర్చి క్రమశిక్షణ ట్రిబ్యునల్ దాన్ని ఆత్మీయ అధికార దుర్వినియోగం అని తేల్చింది. మన దగ్గర ఇదే పని చేస్తే "అయ్యగారు మా వాడి మీద ఎంత శ్రద్ధ పెడుతున్నారో" అని తల్లి భోజనం పెడుతుంది.

మన దగ్గర తీరు ఇంకాస్త నైపుణ్యంగా ఉంటుంది. మంగళవారం ఫోనులో పాస్టరుగారికి ప్రార్థన మనవి చెప్పుకుంటారు: భర్త తాగుడు, కూతురి ప్రేమ వ్యవహారం, అప్పు. ఆదివారం వేదిక మీద కళ్లు మూసుకుని, "ఇక్కడ కూర్చున్న ఒక సహోదరి ఇంట్లో ఒక ఆడపిల్ల... దేవుడు నాకు చూపిస్తున్నాడు" అంటాడు. సభ స్తోత్రాలతో దద్దరిల్లుతుంది. ఆ తల్లికి మాత్రం కాళ్ల కింద నేల కదులుతుంది. తన గుట్టు ఆయన చేతిలో ఉందని ఆమెకు ఆ క్షణాన తెలుస్తుంది. ఇక ఆమె ఏ ఆదివారమూ లెక్క అడగదు. "దేవుడు నాకు చెప్పాడు" అన్న తర్వాత మాట్లాడటానికి ఎవరికీ ఏమీ మిగలదు. పెళ్లి సంబంధం ఖాయం చెయ్యాలన్నా, పొలం అమ్మాలన్నా, బీపీ మాత్రలు మానాలన్నా ఆ ఒక్క మాట చాలు. ఆ మాటను ఆపేవాళ్లు లేకపోతే ఎక్కడిదాకా పోతుందో 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో తేలింది. యేసును కలుసుకోవాలంటే తిండి మానెయ్యమన్న పాస్టరు మాట విన్న వాళ్లవి నాలుగు వందలకు పైగా శవాలు తవ్వి తీశారు.

ఇక అసలు ఆయుధం దగ్గరికి వద్దాం. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు." అంటే దేవుడు ఎన్నుకున్నవాళ్ల జోలికి పోకూడదని. బైబిల్లో 105వ కీర్తనలోని ఈ మాట వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. దాని ముందున్న మూడు వచనాలు మాత్రం ఎవరూ చదివి వినిపించరు. ఆ కీర్తన అక్కడ చెబుతున్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. పట్టుమని పదిమంది లేరు, సొంత నేల లేదు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి పోయే పరదేశులు. వాళ్ల జోలికి పోవద్దని దేవుడు గద్దించింది ఎవర్ని? రాజుల్ని! అంటే బలవంతుడి నుంచి బలహీనుణ్ణి కాపాడటానికి వచ్చిన మాట అది. ఇవాళ మైకు, భవనం, బ్యాంకు ఖాతా అన్నీ ఉన్న మనిషి దాన్ని తీసుకుని కుట్టుమిషను తొక్కే విధవరాలి మీద విసురుతున్నాడు. వాక్యాన్ని తలకిందులు చెయ్యడమంటే ఇంతకంటే ఏముంటుంది?

తనను చంపాలని చూసిన రాజు సౌలును దావీదు ముట్టుకోలేదు కదా అంటారు. ముట్టుకోలేదు, నిజమే. కానీ సౌలు దగ్గర కూర్చుని ఈటె దెబ్బలు కూడా తినలేదు, పారిపోయాడు. గుహలో సౌలు వస్త్రపు చెంగు కోసుకుని, బయటికొచ్చాక అంత సైన్యం ముందు దాన్ని పైకెత్తి చూపించి, ఏ తప్పూ చేయని నన్ను ఎందుకు వేటాడుతున్నావని కేకేసి అడిగాడు. చేతిలో సాక్ష్యం పెట్టుకుని అందరి ముందూ రాజును నిలదీయడం అది. మరి ఆ కోరహు? సంఖ్యాకాండం పదహారో అధ్యాయం తెరవండి. కోరహు లెక్కలు అడగలేదు, యాజకత్వం, అంటే పూజారి పదవి, అడిగాడు. అదే అధ్యాయంలో మోషే తనంతట తానే లెక్క చెప్పాడు: వాళ్ల దగ్గర నేను ఒక్క గాడిదను కూడా తీసుకోలేదు అని. సమూయేలు ముసలితనంలో ఇశ్రాయేలునంతా పోగేసి, నేను ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను, చెప్పండి అన్నాడు. గాడిదల దాకా లెక్క చెప్పినవాళ్లు ప్రవక్తలు. స్లాబు లెక్క అడిగితే భూమి మింగుతుందని చెప్పినాయన ఆ వరుసలో ఎక్కడ నిలబడతాడో ఆయనే చెప్పాలి.

చర్చిల మీద దాడులు జరుగుతున్న రోజుల్లో, ఒక్కో రాష్ట్రంలో మతమార్పిడి చట్టాలు బిగుస్తున్న రోజుల్లో ఇంటి గుట్టు రచ్చకెక్కించడం ఏమిటని కొందరు మిత్రులు కోప్పడతారు. ఆ బాధ నాకు అర్థం కాకపోలేదు. రేకుల షెడ్డులో, సైకిలు మీద తిరుగుతూ, చాలీచాలని కానుకలతో బతికే పాస్టర్లే పల్లెల్లో ఎక్కువ. వాళ్ల మీద రాయి వెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ గుట్టు దాచింది ఎవర్ని కాపాడింది? అమెరికాలో సదరన్ బాప్టిస్టు చర్చిల పెద్దలు లైంగిక నేరాల ఆరోపణలున్న 703 మంది పేర్లతో జాబితా తయారు చేసుకుని, దాన్ని దాచుకుని కూర్చున్నారని 2022 మేలో బయటపడింది. శత్రువుకు ఆయుధం ఇచ్చింది బయటపెట్టినవాళ్లా, దాచినవాళ్లా? పైగా పిల్లల విషయంలో ఈ చర్చకే తావు లేదు. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, సంఘ పెద్దల సర్దుబాటు అక్కడ చెల్లదు.

ఇదంతా మతం గొడవగా చూసేవాళ్లకు ఒక మాట చెప్పాలి. నాకు ఇందులో కనిపించేది దొరతనం. తెలుగు నేల మీద సంఘం ఎలా పుట్టిందో గుర్తు చేసుకోండి. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు ముందు నడిచారు. కరువు కాలంలో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని చూపించాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లు నీళ్లలో మునిగి లేవడంతో అయిపోలేదు. జాతరలో డప్పు కొట్టమని, చచ్చిన గొడ్డు మాంసం తినమని, ఆదివారం పనికి రామని ఊరి పెద్దల ముఖం మీదే చెప్పారు. దెబ్బలు తిన్నారు, బావి నీళ్లు బందయ్యాయి. ఎదురు మాట్లాడినవాళ్లు కట్టిన సంఘం అది. వాళ్ల మునిమనవరాలు ఇవాళ అదే సంఘంలో నోరెత్తితే శాపం! కరణం పోయాడు, మునసబు పోయాడు, వాళ్ల కుర్చీ మాత్రం తెచ్చి వేదిక మీద వేసుకున్నాం. వెల్వెట్ గుడ్డ కప్పాం.

దోర్నకల్లు బిషపు అజరయ్య కూడా ఎదురు మాట్లాడినవాడే. ఆయన ఇంకా బిషపు కాకముందు, 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. దాదాపు అందరూ తెల్లదొరలే. వాళ్లు అన్నం పెట్టినవాళ్లు, బడి కట్టినవాళ్లు, ప్రాణాలు కూడా ఇచ్చినవాళ్లు. ముప్పై అయిదేళ్ల నల్లవాడు లేచి, మీ త్యాగాలు సరే, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. మీరు మమ్మల్ని సమానంగా చూడటం లేదని దానర్థం. కొందరు దొరలకు కోపం వచ్చింది. అయినా రెండేళ్లకు ఆయన్నే తొలి భారతీయ ఆంగ్లికన్ బిషపును చేశారు. ఇవాళ మన సొంత పాస్టరుతో ఆ మాట అనగలమా? ఇదేదో చర్చి జబ్బు మాత్రమే అనుకుని పక్కవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. నాయకుడి కటౌటుకు పాలు పోసేదీ, కాలేజీ ఫీజు రసీదు అడిగిన తండ్రిని గేటు బయట నిలబెట్టేదీ ఇదే సమాజం.

"నచ్చకపోతే వేరే చర్చికి పోవచ్చుగా" అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. సియాటిల్‌లో పోవచ్చు. మన పేటలో సంఘమంటే ఆదివారం రెండు గంటలు కాదు. పిల్ల పెళ్లికి సంఘం ఉత్తరం కావాలి. మనిషి పోతే సమాధి స్థలం, పెట్టె మొయ్యడానికి నలుగురు, మట్టి వేసేటప్పుడు చదివే వాక్యం అన్నీ ఆ సంఘం చేతుల్లోనే. పెద్దమ్మకు భూమి మింగుతుందన్న భయం లేదు. "నేను పోతే ఎవరొస్తార్రా?" అన్నదే ఆమె భయం. ఆ ఒక్క ప్రశ్నతో రెండేళ్లు అక్కడే, చివరి చాప మీద, ఎవరూ పలకరించకుండా కూర్చుంది.

ఈమధ్య ఇంకో సంఘానికి మారింది, ఆటోలో ఇరవై నిమిషాలు. మొదటి నెలలోనే అక్కడి పాస్టరుగారిని అడిగిందట, "కానుకల లెక్క ఎక్కడన్నా రాస్తారా అయ్యగారూ?" అని. ఆయన బీరువా చూపించి, "అందులో పుస్తకం ఉందమ్మా, ఎప్పుడైనా చూసుకోండి" అన్నాడట.

"చూశావా మరి?" అన్నాను ఫోనులో.

"ఎందుకురా," అంది. "చూడమన్నాడుగా."