నౌక కొన్నవాడిది, ఆనవాలు అభిమానిది

2006 అక్టోబరులో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంశాలలో ఆరడుగుల నమూనా అంతరిక్షనౌక ఒకటి 5,76,000 డాలర్లు పలికింది. ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ సీరియల్ తొలి ఎపిసోడ్ కోసం ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ తయారుచేసిన ఎంటర్‌ప్రైజ్-డి అది. అప్పటి మారకపు రేటులో రెండున్నర కోట్ల రూపాయలు దాటిన మొత్తం. కేటలాగులో క్రిస్టీస్ వేసిన అంచనా మాత్రం 25 వేల నుంచి 35 వేల డాలర్లే. 1766 నుంచి కళాఖండాలకు వెల కడుతున్న సంస్థ లెక్క ఇక్కడ పదహారు రెట్లు తప్పింది. ఇంకో విచిత్రం, సుత్తి దెబ్బ పడింది ఐదు లక్షల దగ్గర. మిగతా 76 వేలు కొన్నవారి నుంచి వేలం సంస్థ వసూలు చేసుకునే రుసుము. ఆ రుసుము ఒక్కటే, నౌకకు వేసిన గరిష్ఠ అంచనాకు రెట్టింపు దాటింది.

ఆ వేలం సాగిన మూడు రోజుల్లో దాదాపు వెయ్యి లాట్లు, అంటే పాటకు పెట్టిన వస్తువులు, అమ్మితే వచ్చింది సుమారు 71 లక్షల డాలర్లు. స్టూడియో లెక్కలో షూటింగ్ ముగిసిన వస్తువు అంటే గోదాము అద్దె తినే సామాను. దాన్ని వదిలించుకుంటూ పైపెచ్చు ఇంత సొమ్ము చేసుకోవచ్చని తెలిశాక హాలీవుడ్ వస్తువుల వేలం ఒక పరిశ్రమగా మారింది. ఏటా ఏదో ఒక రోబో, ఏదో ఒక లైట్‌సేబర్, ఏదో ఒక శిరస్త్రాణం వార్తల్లోకి ఎక్కుతోంది. ధర చూసి సామాన్య పాఠకుడు ముక్కున వేలేసుకుంటాడు, అభిమాని నిట్టూరుస్తాడు. ఆ నిట్టూర్పులో అసూయ పాలు కొంత ఉన్నా, న్యాయమైన ఫిర్యాదు ఒకటి దాగి ఉందని నా అభిప్రాయం. ఈ బజారులో వస్తువుకు విలువ తెచ్చేది, తెర మీద కనిపించిన అసలు వస్తువు ఇదేనని చెప్పే ఆనవాలు. ఆ ఆనవాలు పట్టేది, దశాబ్దాల పాటు పైసా ఆశించకుండా ఫ్రేము ఫ్రేమూ గాలించే అభిమానులు. అమ్మకం పూర్తయ్యాక వారికి మిగిలేది కేటలాగు ఫోటో.

ఆనవాలు పట్టడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. 2023 అక్టోబరులో హెరిటేజ్ అనే అమెరికన్ వేలం సంస్థ, అంతకు ముందు ఏడాది మరణించిన నమూనాల శిల్పి గ్రెగ్ జీన్ సొంత సేకరణను వేలం వేసింది. ఆయన సామాన్యుడు కాడు. ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్’లోని తల్లినౌకను నిర్మించి, ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ నామినేషన్ పొందినవారిలో ఒకడు. పైన చెప్పిన ఆరడుగుల ఎంటర్‌ప్రైజ్ మరీ బరువుగా, చిత్రీకరణకు మొండిగా ఉందని మూడో సీజన్ కోసం నాలుగడుగుల నౌకను చేసి ఇచ్చింది కూడా ఆయనే. ఆయన పోయాక గ్యారేజీలో ఒక అట్టపెట్టె తెరిస్తే, పార్సిళ్లలో వాడే ఫోమ్ ముక్కల మధ్య 1977 నాటి ‘స్టార్ వార్స్’ ఎక్స్-వింగ్ నౌక కనిపించింది. పొడవు 20 అంగుళాలు. ఆచూకీ లేదని అభిమానులు ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చిన రెడ్ లీడర్ అది. నాలుగు లక్షల డాలర్ల దగ్గర మొదలైన పాట, రుసుముతో కలిపి 31 లక్షల 35 వేల దగ్గర తేలింది. మన లెక్కలో 26 కోట్ల రూపాయలు. మొత్తం సేకరణకు వచ్చింది కోటీ 36 లక్షల డాలర్లు.

ఇది ఫలానా నౌకే అని ఎలా చెప్పగలరు? ఆ తరం నమూనాలు చేసినవారు ప్రతి భాగాన్నీ కొత్తగా చెక్కలేదు. బజారులో దొరికే ప్లాస్టిక్ ట్యాంకు, విమాన, రాకెట్ కిట్లను డజన్లకొద్దీ కొని, వాటి ముక్కలు విరిచి నౌకల మీద అతికించారు. చిన్న యంత్రభాగాల్లా కనిపించి, నౌక భారీగా ఉందన్న భ్రమ కలిగించే ఈ అతుకులను వారు గ్రీబ్లీలని ముద్దుగా పిలుచుకున్నారు. అభిమానులు చేసిన పని ఏమిటంటే, ఏ గ్రీబ్లీ ఏ కంపెనీ కిట్‌లో ఎన్నో నంబరు ముక్కో వెతికి పట్టుకోవడం. తెర మీద రెండు క్షణాలు మెరిసే ఒక గొట్టం జర్మన్ ట్యాంకు సస్పెన్షన్ భాగమని తేల్చడానికి, ఉత్పత్తి ఆగిపోయిన పాత కిట్లు కొని, విప్పి, పక్కన పెట్టి పోల్చారు. చేత్తో అతికించినప్పుడు ఒక ముక్క పిసరంత వంకర పోతుంది, జిగురు కాస్త పొంగుతుంది, రంగు ఒక మూల పెచ్చు ఊడుతుంది. ఒకే రకం నౌకలు అయిదారు చేసినా ఈ వంకరలు ఏ రెండింటికీ కలవవు. సినిమా ఫ్రేములోని పెచ్చునూ చేతిలోని నౌక మీది పెచ్చునూ సరిపోల్చడాన్నే స్క్రీన్ మ్యాచింగ్ అంటారు. అది కుదిరితే కోట్లు, కుదరకపోతే అందమైన బొమ్మ.

ఈ వేటకు పక్క బాధితులూ ఉన్నారు. ‘స్టార్ వార్స్’ కథానాయకుడు ల్యూక్ స్కైవాకర్ వాడే కాంతి ఖడ్గం, అంటే లైట్‌సేబర్ పిడి నిజానికి గ్రాఫ్లెక్స్ అనే పాత అమెరికన్ కెమెరా ఫ్లాష్ గొట్టం. ఆ సంగతి బయటపడ్డాక పాత ఫ్లాష్‌ల ధర చుక్కలనంటింది. పత్రికా ఫోటోగ్రాఫర్ల కెమెరాలు సేకరించే పెద్దమనుషులు, తమ కెమెరాకు ఫ్లాష్ దొరకక స్టార్ వార్స్ అభిమానులను తిట్టుకుంటున్నారు. అది కూడా న్యాయమైన ఫిర్యాదే.

అభిమాని కన్ను లేకపోతే ఏమవుతుందో రెండు సంఘటనలు చెబుతాయి. క్రిస్టీస్ వేలంలోనే ‘నెక్స్ట్ జనరేషన్’లోని డేటా అనే మరమనిషి పాత్ర పేకాటలో కళ్లకు నీడగా నుదుటికి పెట్టుకునే వైజర్‌ను ఒక వ్యక్తి ఆరు వేల డాలర్లకు కొన్నాడు. తరవాత ఒక అభిమానుల సభలో ఆ పాత్రధారి చేతనే దాని మీద సంతకం చేయించుకోవాలని వెళితే, తాను పెట్టుకున్నది ఇది కాదని ఆయన చెప్పాడన్నది కొన్న వ్యక్తి ఆరోపణ. వేలం సంస్థ మీద దావా వేశాడు. ఎవరి వాదన నిజమైనా, స్టూడియో నుంచి నేరుగా వచ్చింది, సంస్థ ముద్ర ఉంది అన్న రెండు హామీలూ చాలవని ఆ గొడవతో తేలింది.

రెండోది దీనికి పూర్తి విరుద్ధం. తొలి ‘స్టార్ ట్రెక్’ కోసం చేసిన మూడడుగుల ఎంటర్‌ప్రైజ్, సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ బల్ల మీద ఉండేది. 1979 నాటి స్టార్ ట్రెక్ సినిమా పనుల కోసం ఎవరికో ఎరువిచ్చారు. ఇక తిరిగి రాలేదు. 2023లో వెయ్యి డాలర్ల ప్రారంభ ధరతో ఈబేలో ఒక నమూనా ప్రత్యక్షమైంది. అద్దె గోదాము గదిలో దొరికిన సామాను అది. ఫోటోలు చూసిన అభిమానులు అసలు నౌకేనంటూ గగ్గోలు పెట్టారు. ప్రకటన మాయమైంది, వస్తువు హెరిటేజ్ సంస్థ దగ్గరకు చేరింది, పరీక్షల తరవాత 2024 ఏప్రిల్‌లో రాడెన్‌బెర్రీ కుమారుడి చేతికి అందింది. నలభై ఏళ్లకు పైగా జాడ లేని వస్తువును ఫోటోల్లో గుర్తుపట్టగలిగారంటే, అంతకుముందు ఎన్ని వేల గంటలు ఆ నౌక పాత చిత్రాలను కళ్లతో నమిలారో ఊహించుకోవచ్చు.

ఇక అభిమానుల్లో ఎప్పటికీ తెగని తగువు, ఇవి మ్యూజియంలో ఉండాలా, డబ్బున్న సేకర్తల ఇళ్లలోనా అన్నది. మ్యూజియం అంటే చాలామందికి కళ్లు మూసుకుని నమ్మకం. నాకు అంత లేదు. కారణం ఆ మూడడుగుల నౌక అన్నగారు, పదకొండు అడుగుల ఎంటర్‌ప్రైజ్. 1974లో పారామౌంట్ స్టూడియో దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియాల సంస్థకు ఇచ్చింది. దానికి లోపల దీపాలు అమర్చినప్పుడు తీగలన్నీ ఎడమ పక్క నుంచి లాగారు కాబట్టి కెమెరా ఎప్పుడూ కుడి పక్కనే చూసింది; ఎడమ పక్క సరిగా ముస్తాబు కూడా చేయలేదు. ఇలాంటి వస్తువును బాగుచేయడమంటే, ఉన్న లోపాన్ని లోపంగానే కాపాడాలి. 1991 మరమ్మతులో నౌక ఒంటి మీద పలకల గీతలు కొట్టొచ్చినట్లు దిద్దారు. సీరియల్లో మనం చూసిన నౌక అది కాదని అభిమానులు మండిపడ్డారు. ఆ పైన 2000 నుంచి 2014 దాకా ఆ నౌక ఎక్కడుందనుకున్నారు? ఆ సంస్థకే చెందిన ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం కింది అంతస్తులో, కీచైన్లు, టీషర్టులు అమ్మే దుకాణంలో. ప్రజాధనంతో నడిచే ప్రపంచ ప్రసిద్ధ సంస్థ చేసిన నిర్వాకం ఇది.

ఆ మ్యూజియమే తరవాత సరైన దారి పట్టింది కూడా. 2015లో, 1976కు ముందు ఆ నౌకను స్వయంగా చూసి తీసిన ఫోటోలు, ఫిల్ములు ఎవరి దగ్గరైనా ఉంటే పంపమని అభిమానులను బహిరంగంగా కోరింది. 1972లో కాలిఫోర్నియాలోని గోల్డెన్ వెస్ట్ కాలేజీలో ఆ నౌకను ప్రదర్శించినప్పుడు ఎవరో సరదాకు తీసుకున్న బొమ్మలు సాక్ష్యాలయ్యాయి. నిపుణులు ఎక్స్‌రేలు తీశారు, రంగు పొరలను ఒక్కొక్కటే సున్నితంగా అరగదీసి అడుగున ఏముందో చూశారు. పళ్లెం ఆకారపు పైభాగంలో మాత్రం 1960ల నాటి అసలు రంగు చెక్కుచెదరకుండా దొరికింది. దాన్ని ముట్టుకోకుండా వదిలి, మిగతాదంతా దానికి అనుగుణంగా దిద్దారు. 2016లో ఆ నౌక, అట్లాంటిక్‌ను తొలిసారి ఒంటరిగా ఆగకుండా దాటిన లిండ్‌బర్గ్ విమానం ఉన్న హాలులోకే చేరింది. నాకు ఇక్కడ ముఖ్యంగా తోచేది గౌరవప్రదమైన కొత్త చోటు కంటే ఆ పని జరిగిన పద్ధతి. అభిమానుల దగ్గరున్న సమాచారాన్ని అడిగి తీసుకున్నారు, దానితో ఏం చేశారో ఫోటోలతో సహా ప్రజల ముందు పెట్టారు.

అలాగని సేకర్తలను దొంగల్లా చూడటం కూడా సరికాదు. స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఏ స్పేస్ ఒడిస్సీ’ ముగిశాక నమూనాలు మరో సినిమాలో తేలకుండా ధ్వంసం చేయించాడు. అందులోని ఏరీస్ 1బి చంద్రనౌక మిగిలి ఉందంటే అది 1970లలో ఇంగ్లండులో ఒక ఉపాధ్యాయుడి ఇంటికి చేరబట్టి. 2015లో అది వేలానికి వస్తే ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీయే 3,44,000 డాలర్లు పెట్టి కొనుక్కుంది. ప్రైవేటు ఇల్లు, వేలంపాట, మ్యూజియం, ఈ మూడూ ఒకే వస్తువు ప్రయాణంలో మజిలీలు కావచ్చు. ధర పలుకుతుందన్న ఆశ లేకపోతే గ్యారేజీ ఖాళీ చేసే వారసులు ఇలాంటివి చెత్తబండికి ఎత్తేవారు.

కానీ రెడ్ లీడర్ సంగతి మరోవైపు నిలబడి ప్రశ్నిస్తుంది. గ్రెగ్ జీన్ కంటే గొప్ప అభిమాని, గొప్ప పనివాడు ఎవరుంటారు? ఆయన చేతిలోనే అది దశాబ్దాల పాటు లోకానికి కనిపించకుండా పెట్టెలో పడుకుంది. ప్రేమించే యజమాని దొరికితే చాలు అనే వాదన అక్కడ వీగిపోతుంది.

ఇలాంటి వస్తువులు ఇకముందు పెద్దగా పుట్టవు కూడా. నౌకలను చెక్కతో, ప్లాస్టిక్‌తో కట్టే పని చాలావరకు కంప్యూటర్లకు వెళ్లిపోయింది. హైదరాబాద్‌లోని విజువల్ ఎఫెక్ట్స్ కార్యాలయాల్లో తయారయ్యే నౌక హార్డ్ డిస్కులో ఫైలు. దానికి పెచ్చు ఊడదు, వంకర జిగురు ఉండదు, గ్యారేజీలో దొరకదు. ‘కల్కి 2898 ఏడీ’ కోసం నిజంగా నడిచే బుజ్జి వాహనం చేసినప్పుడు దాన్ని చూడటానికి జనం ఎగబడ్డారు. ముట్టుకోగల వస్తువంటే ఉండే మోజు అది. ఇలా 20వ శతాబ్దపు చేతి నమూనాల సరుకు పరిమితం కాబట్టి ధరలు పెరుగుతూనే పోతున్నాయి. 2025 సెప్టెంబరులో ‘స్టార్ వార్స్’ ప్రతినాయకుడు డార్త్ వేడర్ లైట్‌సేబర్ ఒకటి 36 లక్షల డాలర్లు దాటి రెడ్ లీడర్ రికార్డును కూడా పక్కకు నెట్టింది. సగటు అభిమాని ఈ పాటలో చెయ్యెత్తే రోజు ఇక రాదు. కాబట్టి వస్తువు ఎవరింట ఉండాలన్న తగువు వదిలేసి, దాని సమాచారం ఎవరికి అందాలన్న దాని మీద పట్టుబట్టడం తెలివైన పని.

కోరాల్సినవి పెద్దవేమీ కావు. వేలానికి వచ్చిన ప్రతి నమూనాకూ త్రీడీ స్కాన్, కొలతలు, అన్ని వైపుల నుంచి స్పష్టమైన ఫోటోలు, మరమ్మతుల చరిత్ర సిద్ధం చేసి, కొన్ని ఏళ్ల గడువు తరవాతైనా ఒక మ్యూజియం ఆర్కైవులో అందరికీ అందుబాటులో ఉంచాలి. అమ్మకపు ఒప్పందంలోనే ఈ షరతు ఉండాలి. ఖర్చు ఎవరు భరించాలని అడిగితే, కొన్నవారి నుంచి వసూలు చేసే రుసుములో అది అణువంత.

దీనికి సేకర్తలు చెప్పే అభ్యంతరం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కొలతలన్నీ బయటపెడితే నకిలీలు చేసేవాడికి పని సులువవుతుంది, అసలు ధర పడిపోతుంది అంటారు. నకిలీల బెడద నిజమే. అయితే నకిలీ చెల్లుబాటయ్యేది పోల్చిచూసే ఆధారం నలుగురికీ అందనప్పుడు. జిగురు వంకరను సైతం కాపీ కొట్టగల ఘనుడున్నా, ఆ వంకర ఉన్న అసలు ఫలానా చోట, ఫలానా తేదీన స్కాన్ అయిందన్న నమోదు ఉంటే రెండోది మార్కెట్‌కు వచ్చిన మరుక్షణం పట్టుబడుతుంది. పట్టేది మళ్లీ ఆ అభిమానులే. హెరిటేజ్ వంటి సంస్థలు అమ్మేసిన లాట్ల ఫోటోలు, ధరలు ఇప్పటికీ తమ సైట్లలో ఉంచుతున్నాయి. ఆ పాత లాట్ల పక్కన కొలతల పత్రం జోడించడానికి వాటికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. లాట్ అప్పగించే వారసులు, స్టూడియోలు ఒక సంతకం పెడితే సరిపోతుంది. తదుపరి పెద్ద సేకరణ వేలానికి వచ్చినప్పుడు అభిమానులు ధర గురించి ముక్కు విరిచే బదులు ఆ సంతకం గురించి అడగాలి.