బొమ్మ బువ్వ పెడుతుందా అన్నవారికి

రెండు వారాలుగా ఒక వాట్సాప్ సందేశం నన్ను వదలడం లేదు. మొదట మా అమ్మాయి చదివే బడి తల్లిదండ్రుల గ్రూపులో వచ్చింది. మర్నాడు మంచిర్యాల నుంచి మా వదిన పంపింది. మూడోరోజు మా ఉపాధ్యాయుల గ్రూపులోనే ఎవరో పెట్టి, కింద ‘నూటికి నూరుపాళ్ళు నిజం’ అని రాశారు. ‘తల్లిదండ్రులారా, మేలుకోండి’ అంటూ మొదలయ్యే ఆ సందేశంలో ఆరు మాటలున్నాయి. బొమ్మలూ పాటలూ బువ్వ పెట్టవు. ఆ పీరియడ్లు లెక్కలకూ సైన్సుకూ ఇస్తే మార్కులు పెరుగుతాయి. కళ పుట్టుకతో రావాలి తప్ప నేర్పితే రాదు. ఇప్పుడు ఒక్క మాట చెబితే కంప్యూటరే బొమ్మ గీసిపెడుతుంది. అసలు అందమూ కళా కడుపు నిండినవాళ్ళ ముచ్చట్లు. అంత సరదాగా ఉంటే వేసవి సెలవుల్లో శిబిరానికి పంపుకోండి.

నేను లెక్కల టీచర్ని. హనుమకొండకు దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఈ సందేశం మాట చెల్లితే లాభపడేది మొదట నేనే. ఒకప్పుడు అందులో రాసినట్టే చేశాను కూడా. ఆ సంగతి రెండో మాట దగ్గర చెబుతాను.

మొదటి మాట: బొమ్మ బువ్వ పెట్టదు.

ఇందులో కొంత నిజముంది, దాన్ని దాచడం మర్యాద కాదు. చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఒకప్పుడు కులపురాణాలు చెప్పే కథకులకు మూరల కొద్దీ పటాలు గీసి ఇచ్చేవారు. ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్ళు తగ్గిపోయారు, పటాలు అడిగేవాళ్ళూ తగ్గిపోయారు. ఆ పని పట్టుకుని ఉన్న కుటుంబాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. పెంబర్తి ఇత్తడి పనికీ, కరీంనగర్ వెండి తీగ పనికీ, నిర్మల్ కొయ్యబొమ్మలకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పత్రం చూపిస్తే కిరాణా కొట్టువాడు బియ్యం ఇవ్వడు. వాళ్ళ ఇబ్బందికి ‘మహత్తరమైన వారసత్వం’ అని పేరు పెట్టి చప్పట్లు కొట్టడం నాకు నచ్చదు.

కానీ బడిలో డ్రాయింగ్ పెట్టింది పిల్లలందరినీ చిత్రకారులుగా చేయడానికని ఈ సందేశం రాసినవారికి ఎవరు చెప్పారు? పద్యాలు చెప్పేది క్లాసుకో పోతనను తయారు చేయడానికా? నేను చెప్పే వర్గ సమీకరణాల సంగతే చూడండి. బడి గేటు దాటాక వాటిని సాధించి జీతం తీసుకుంటున్న మనిషి నాకు తెలిసి నేనొక్కదాన్నే.

పోనీ బువ్వ లెక్కే వేద్దాం. జాకెట్ల మీద మగ్గం పని చేసే అమ్మాయి, పెళ్ళిపందిరి అలంకరించే కుర్రవాడు, ఇనుప గేటుకు నెమలిని అతికించే వెల్డింగ్ పనివాడు, వీళ్ళు అన్నం తినడం లేదా? ఈ సందేశం దృష్టిలో అవి ఉద్యోగాలు కావు కాబోలు. సరే, ‘ఉద్యోగం’ లాంటిదే చెబుతాను: ఆర్కిటెక్చర్ డిగ్రీలో చేరడానికి రాసే నాటా పరీక్షలో బొమ్మ గీయడం ఒక భాగం. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో గ్రాఫిక్స్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది. మా బడి నుంచి వెళ్ళిన ఒక మంచి ర్యాంకు పిల్ల ఆ ఏడాది నాకు ఫోను చేసి ఏడ్చింది. ఒక వస్తువును ముందు నుంచీ పైనుంచీ పక్క నుంచీ చూస్తే ఎలా ఉంటుందో గీయమంటున్నారట. ‘నాకు ఏమీ కనబడటం లేదు టీచర్’ అంది.

రెండో మాట: ఆ పీరియడ్ లెక్కలకు ఇవ్వండి.

ఇచ్చారు. నేను తీసుకున్నాను. పదేళ్ళ కిందటి మాట. శుక్రవారం చివరి పీరియడ్ డ్రాయింగ్. డ్రాయింగ్ మాస్టారు మెతక మనిషి. ‘సిలబస్ మిగిలిపోయింది సార్’ అనగానే సుద్దముక్క నా చేతికిచ్చి వెళ్ళిపోయేవారు. దసరా సెలవుల తర్వాత మొదలుపెట్టి పదో తరగతి పరీక్షల దాకా ఆ పీరియడ్ నాదే. పైగా అది నా అంకితభావమని హెడ్‌మాస్టారు సమావేశంలో మెచ్చుకున్నారు కూడా.

ఆ ఏడాది త్రికోణమితి అనువర్తనాలు చెబుతున్నాను. మేడ మీద నిలబడ్డ మనిషికి ఒక కారు 30 డిగ్రీల నిమ్నకోణంలో, అంటే తిన్నటి చూపును అంత కిందికి దించితే, కనిపించింది, మేడ ఎత్తు ఇంత, కారు ఎంత దూరంలో ఉంది, ఇలాంటి లెక్కలు. పటం సరిగ్గా పడితే సగం లెక్క అయిపోయినట్టే. టాన్ 30 విలువ ఎంతని అడిగితే క్లాసంతా గొంతెత్తి చెప్పేది. పటం మాత్రం సగం మందికి రాలేదు. చురుకైన కుర్రవాడొకడు నిమ్నకోణాన్ని గోడకూ చూపుకూ మధ్య పెట్టేవాడు. దిద్దితే నోటుబుక్కులో దిద్దుకునేవాడు, కొత్త లెక్క ఇస్తే మళ్ళీ అక్కడే పెట్టేవాడు. అరిచాను. పదిసార్లు రాయించాను. చివరికి విసుగొచ్చి వాణ్ణి మొదటి అంతస్తు వరండాలోకి తీసుకెళ్ళాను. కింద ఆవరణలో చేతిపంపు ఉంది. చేయి తిన్నగా ముందుకు చాపమన్నాను. ఇప్పుడు వేలు పంపు వైపు చూపేదాకా దించమన్నాను. ‘ఎంత దించావో అదే కోణం’ అన్నాను. వాడు రెండు మూడుసార్లు చేయి ఎత్తి దించి చూసుకున్నాడు. తర్వాత అక్కడే గచ్చు మీద కూర్చుని గీశాడు: పిట్టగోడ, పంపు, పంపు చుట్టూ చెదిరిన నీళ్ళు, ఆ నీళ్ళు తాగుతున్న మేక. మేక లెక్కకు అక్కర్లేదు. కానీ కోణం ఉండవలసిన చోట ఉంది.

వాడికి లెక్క ముందే వచ్చు. రానిది చూడటం. చూడటం నేర్పే పీరియడ్ పట్టుకుపోయి, ఆ పీరియడ్‌లోనే చూడలేకపోతున్నాడని వాణ్ణి తిట్టినదాన్ని నేను.

సైన్సు సంగతి కూడా చూడండి. మెదడులోని నాడీకణాల రూపాన్ని లోకానికి చూపించిన స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కహాల్ చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నాడు. వైద్యుడైన తండ్రికి అది దండగమారి పనిగా కనిపించింది. మన వాట్సాప్ తండ్రుల లాంటివాడే. కొడుకును వైద్యం వైపు మళ్ళించడానికి ఎముకలు తెచ్చి వాటి బొమ్మలు గీయించాడు. ఆ కొడుకు తర్వాత సూక్ష్మదర్శినిలో చూసినవి చూసినట్టు చేత్తో గీస్తూ పోయాడు. 1906లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

అయితే మన పక్షం వాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. ఈ సందేశానికి జవాబుగా గ్రూపులో కొందరు ‘సంగీతం వింటే తెలివి పెరుగుతుంది, బొమ్మలు వేస్తే లెక్కల మార్కులు పెరుగుతాయి’ అని పెడుతున్నారు. దయచేసి పెట్టకండి. పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందనే ఆ ‘మొజార్ట్ ప్రభావం’ కథ 1993లో వచ్చిన ఒక చిన్న పరిశోధన నుంచి పుట్టింది. అందులో పాల్గొన్నది పసిపిల్లలు కాదు, కాలేజీ విద్యార్థులు. ఒక రకం పరీక్షలో కాస్త మెరుగు కనిపించింది, అది పావుగంట దాటి నిలవలేదు. కళలు నేర్పితే ఇతర సబ్జెక్టుల మార్కులు పెరుగుతాయా అని అమెరికా పరిశోధకులు ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, 2000లో ఆ వాదనకు గట్టి ఆధారం దొరకలేదన్నారు. వాళ్ళిద్దరూ కళా విద్య కావాలనే వాళ్ళే. నా కుర్రవాడి మేక కథ కూడా మార్కుల కథ కాదు. వాడికి చివరికి ఎన్ని వచ్చాయో నాకు గుర్తు లేదు. కళను మార్కుల కోసం సమర్థిస్తే, రేపు అంతకంటే చౌకగా మార్కులు తెచ్చే గైడు పుస్తకం ఏదైనా వచ్చిన రోజున కళను మనమే బయటికి పంపాల్సి వస్తుంది.

మూడో మాట: పుట్టుకతో రావాలి.

మన వాకిళ్ళలో ముగ్గు వేసే ఆడపిల్లలందరూ పుట్టుకతో చుక్కలు లెక్కపెట్టుకుంటూ వచ్చారా? అమ్మ వేస్తుంటే పక్కన కూర్చుని, వంకర గీతలు వేసి, చెరిపించుకుని, మళ్ళీ వేసి నేర్చుకున్నారు. ‘నీకు ప్రతిభ లేదు, నువ్వు ముగ్గు వేయకు’ అని ఏ తల్లీ అనలేదు, ఎందుకంటే వాకిలి రేపూ ఊడవాలి, రేపూ ముగ్గు పడాలి. అదే ఇంట్లో మగపిల్లవాడికి రాదు. వాడి పుట్టుకలో లోపమేమీ లేదు, వాడి చేతికి ముగ్గుపిండి ఎవరూ ఇవ్వలేదు. చేర్యాల ఇళ్ళలోనూ అంతే. పిల్లలు గుడ్డకు చింతగింజల అంబలీ సుద్దా పట్టించే దగ్గర నుంచి పెద్దవాళ్ళ పక్కనే పెరుగుతారు. పుట్టుక అంటే ఆ ఇంట్లో పుట్టడమే. అలాంటి ఇంట్లో పుట్టనివాళ్ళ కోసమే కదా బడి.

నాలుగో మాట: కంప్యూటర్ గీసిపెడుతుంది.

గీసింది కూడా. ఈ సందేశానికి జతచేసిన బొమ్మ అలా గీయించిందే: ఒకవైపు రంగుల పళ్ళెం పట్టుకుని ఏడుస్తున్న కుర్రవాడు, మరోవైపు కోటు వేసుకుని నవ్వుతున్న కుర్రవాడు. నవ్వుతున్నవాడి ఎడమ చేతికి ఆరు వేళ్ళు. మా గ్రూపులో రెండు వందల మందికి పైగా ఉన్నాం, ఆ బొమ్మ మూడుసార్లు వచ్చింది. ఒక్కరూ గమనించలేదు. మా అమ్మాయి గమనించింది. ఏడో తరగతి.

ఐదో మాట: అందం కడుపు నిండినవాళ్ళ ముచ్చట.

నాకు అసలు కోపం తెప్పించింది ఇదే. దీనికి జవాబుగా ఎవరో వెంటనే రామప్ప గుడి ఫొటో పెట్టారు. రామప్ప అంటే నాకూ ప్రాణమే. నీళ్ళలో తేలేంత తేలిక ఇటుకలతో పైభారం తగ్గించి, మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాల మెడలో హారాల నీడ పడేంత లోతుగా చెక్కిన చోట, లెక్క ఎక్కడ ఆగిందో అందం ఎక్కడ మొదలైందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఇక్కడ ఆ జవాబు చెల్లదు. 1213లో ఆ గుడి కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. ‘చూశారా, డబ్బున్నవాళ్ళే కట్టించారు’ అంటే ఏమంటాం? రాజుల సొమ్ము పక్కన పెట్టి జవాబు చెబుదాం.

మా అమ్మ పత్తి చేలో కూలికి వెళ్ళేది. గునుగు అనే మొక్క చేలో మొలిస్తే కలుపు అని పీకి గట్టు మీద పడేసేది. తంగేడు ఎవరూ నాటరు, బీడు భూముల్లో దానంతట అదే పెరుగుతుంది. కానీ ఎంగిలిపూల బతుకమ్మ రోజు వచ్చేసరికి ఆ కలుపు కోసమే పొద్దున్నే చేలగట్ల వెంట తిరిగేది. గునుగు కాడలన్నీ ఒక్క పొడుగున కోసి, కట్టలు కట్టి, కొన్ని తెల్లగా వదిలి, కొన్నిటి తలలు రంగునీళ్ళలో ముంచి అరుగు మీద ఆరబెట్టేది. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు వరుస, పైన గునుగు వరుస, మళ్ళీ బంతి. మధ్యలో ఖాళీని తుంచిన కాడలతో, ఆకులతో కూరుతూ పోవాలి, లేకపోతే పైవరుస బరువుకు కింది వరుస జారుతుంది. వరుస వరుసకీ చుట్టు తగ్గాలి. ఎంత తగ్గాలో ఆమె దగ్గర కొలబద్ద లేదు. నాలుగు వరుసలకు ఒకసారి లేచి, వెనక్కి రెండడుగులు వేసి, తల పక్కకు వంచి చూసేది. అంతా అయ్యాక పైన పసుపు గౌరమ్మ.

ఒక సద్దుల బతుకమ్మ నాడు బయల్దేరబోతుండగా ఒక పక్క వరుస జారింది. చీకటి పడుతోంది. ఇంకో గంటలో చెరువులో వదిలేసేదే కదమ్మా, ఆ పక్కను నీవైపు తిప్పుకుని ఎత్తుకో అన్నాను. నా మాట విననట్టే కూర్చుని మూడు వరుసలు విప్పి మళ్ళీ పేర్చింది. ఆ రోజు మా ఇంట్లో కడుపులు ఎంత నిండాయో నాకు తెలుసు. పెరుగన్నం, నువ్వుల పొడి. ఆ సందేశం రాసినవారికి ఆ మూడు వరుసల ఖరీదు ఏ పద్దులో రాయాలో తెలియదు, అంతే.

వరంగల్‌లోని కొత్తవాడ మగ్గాలు కూడా ఈ పద్దులోకే వస్తాయి. వరంగల్ దర్రీ అంటే కింద పరుచుకుని కూర్చునేది. కాళ్ళ కింద నలిగేది, పెళ్ళి భోజనాల్లో పులుసు ఒలికేది. రంగు నూలుతో లెక్క తప్పకుండా అంచులు కలిపి నమూనాలు నేయకపోయినా కూర్చోవడానికి ఏ లోటూ రాదు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఆ నమూనాలు నేసిన చేతుల వల్లే.

ఆరో మాట: వేసవి శిబిరానికి పంపుకోండి.

శిబిరానికి రుసుము ఉంటుంది. కట్టగలిగినవాళ్ళు కడతారు. కట్టలేనివాళ్ళ పిల్లలకు బడిలో ఉన్న ఒక్క పీరియడ్ కూడా తీసేస్తే, కళ నిజంగానే డబ్బున్నవాళ్ళ ముచ్చట అవుతుంది. ఐదో మాటను ఆరో మాటతో నిజం చేస్తారన్నమాట. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడికి కళా విద్య బోధకులు పార్ట్‌టైమ్‌గానైనా ఉండాలని రాసి ఉంది. అది సరదా కోరుకున్న తల్లిదండ్రుల కోసం రాసింది కాదు.

వచ్చే శనివారం మా అమ్మాయి బడిలో తల్లిదండ్రుల సమావేశం. మార్కుల సంగతి మా ఆయన అడుగుతారు. నేను టైంటేబుల్ తీసుకెళ్ళి ఒక్కటే అడగదలిచాను: ఇందులో రాసి ఉన్న డ్రాయింగ్ పీరియడ్ జరుగుతోందా, లేక లెక్కల టీచరు పట్టుకుపోయారా?